కాపీ ఒకరిది, శిక్ష అందరిది

(విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన అంశం 'సాంకేతిక పరిజ్ఞానం – పరీక్షలలో అక్రమాలు'. మేము శాస్త్రవేత్తలం కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత బస్తీలో సాయంకాలపు చదువుల కేంద్రం నడుపుతున్న కొద్దిమందిమి. యంత్రం లోపల ఏమి జరుగుతుందో చెప్పడం మా పని కాదు. ఆ యంత్రం వలన మన పిల్లల చదువుకు, గౌరవానికి ఏమి జరుగుతున్నదో చెప్పదలచుకొన్నాము.

సారాంశం ముందే మనవి చేస్తాము. పరీక్షలో మోసం చేసేవాడు ఒకడు. దాని మూల్యం చెల్లించేది నిజాయితీగా చదివినవాడు. అందులోనూ చదువు తప్ప వేరే ఆస్తి లేని ఇళ్ల పిల్లలు అందరికంటె ముందుగా, అందరికంటె ఎక్కువగా చెల్లిస్తారు. అందుచేత పరీక్ష సక్రమంగా జరగడం మన హక్కులకు సంబంధించిన విషయం.

చిట్టీల కాలం వేరు

పరీక్షలలో కాపీ కొత్తగా పుట్టినది కాదు. చొక్కా చేతి మడతలో చిట్టీ, అట్ట వెనుక పెన్సిలు రాత, గోడ అవతలి నుంచి విసిరిన గైడు కాగితం మా తరమూ చూసినదే. అయితే ఆ మోసానికి ఒక హద్దు ఉండేది. చిట్టీ ఒకరి జేబులో ఉంటే ఒకరికే ఉపయోగపడేది. దానిని చిన్న అక్షరాలతో రాసుకొనేటప్పుడు ఆ పిల్లవాడు ఒకసారైనా పాఠం చదివేవాడు. స్క్వాడ్ వస్తే ఆ గదిలోనే పట్టుబడేవాడు.

ఫోను ఆ హద్దును చెరిపివేసింది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజే, తాండూరులో తెలుగు ప్రశ్నపత్రం ఫోటో పరీక్ష జరుగుతుండగానే వాట్సాప్‌లోకి వెళ్లింది. మరునాడు హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ ప్రశ్నపత్రానికీ అదే గతి పట్టింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒక విద్యార్థి పత్రాన్ని బయటివారు ఫోటో తీసుకొన్నారు. కొద్ది నిమిషాలలో అది రాష్ట్రమంతా తిరిగింది. పరీక్ష రాస్తున్న ఆ పిల్లవాణ్ణి డిబార్ చేశారు. హైకోర్టు అనుమతిస్తే తప్ప మిగిలిన పరీక్షలు రాయలేకపోయాడు. ఫోటో తీసినది ఇతరులు, పంచుకొన్నది ఇతరులు. పరీక్ష గది నుంచి వెళ్లవలసి వచ్చినది ఆ పదిహేనేళ్ల పిల్లవాడు. ఈ సంఘటనను తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవాలి. హైకోర్టు గడప ఎక్కగలిగే శక్తి ఎందరు తల్లిదండ్రులకు ఉంటుంది?

ఉద్యోగ పరీక్షల సంగతీ అంతే. 2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్షను 2.8 లక్షలకు పైగా అభ్యర్థులు రాశారు. కమిషన్ కార్యాలయంలోని కంప్యూటరు నుంచే ప్రశ్నపత్రాలు బయటకు పోయాయని తెలిసి 2023 మార్చిలో ఆ పరీక్షను రద్దు చేశారు. అదే సంవత్సరం జూన్‌లో మళ్లీ నిర్వహించారు. అభ్యర్థుల వేలిముద్రలు సక్రమంగా తీసుకోలేదన్న కారణంతో హైకోర్టు దానినీ రద్దు చేసింది. మూడోసారి ప్రిలిమినరీ జరిగేనాటికి 2024 జూన్ వచ్చింది. ఉన్నవాళ్ల పిల్లలు మరో రెండేళ్లు చదువుకోగలరు. మెకానిక్ షెడ్డులో, టైలరింగ్ దుకాణంలో తండ్రి ఎదురుచూస్తున్న కొడుకు, పెళ్లి ప్రయత్నాలు ఆపి గది అద్దెకు తీసుకొని చదివిన కూతురు ఆ రెండేళ్లను ఎక్కడి నుంచి తేగలరు? దొంగిలించబడినది ప్రశ్నపత్రం ఒక్కటే కాదు, వాళ్ల వయస్సు కూడా.

నలభై నాలుగు మంది కోసం కాదు, లక్షల మంది మీద

ఇప్పుడు మన సమాజానికి నేరుగా తగిలిన ఒక ఉదంతం చెబుతాము. 2015 మే 3న దేశవ్యాప్తంగా వైద్య ప్రవేశ పరీక్ష జరిగింది. అప్పటికి దాని పేరు ఏఐపీఎంటీ. దాదాపు 6.3 లక్షల మంది రాశారు. హర్యానాలోని రోహతక్ పోలీసులు ఒక ముఠాను పట్టుకొన్నారు. సిమ్ కార్డు, బ్లూటూత్ పరికరాలు అమర్చిన లోపలి బనియన్లు అభ్యర్థులకు తొడిగించి, బయటి నుంచి జవాబులు చేరవేసే వ్యాపారం అది. ఈ విధంగా లబ్ధి పొందినట్లు దర్యాప్తులో గుర్తించినవారు 44 మంది. అయితే ఇంకా ఎందరున్నారో తేల్చడం సాధ్యం కాలేదు. జూన్ 15న సుప్రీంకోర్టు పరీక్ష మొత్తాన్ని రద్దు చేసింది. జూలై 25న లక్షల మంది మళ్లీ రాశారు.

పరికరాన్ని బట్టలలో దాచారు కాబట్టి, రెండోసారి పరీక్షకు అనుమానం బట్టల మీదికి మళ్లింది. పొట్టి చేతుల చొక్కాలే వేసుకోవాలి, బూట్లు వద్దు, పెద్ద బొత్తాలు వద్దు, ఆభరణాలు వద్దు, తలపై వస్త్రం వద్దు అని నిబంధనలు వచ్చాయి. హిజాబ్ ధరించే మన ఆడపిల్లలు ఆ నిబంధన దగ్గర ఆగిపోయారు. జూలైలో ఇద్దరు విద్యార్థినులు కేరళ హైకోర్టుకు వెళ్లారు. ముందుగా వచ్చి, అవసరమైతే మహిళా సిబ్బంది చేత తనిఖీ చేయించుకోవాలన్న షరతుతో వారికి అనుమతి లభించింది. అందరికీ వర్తించేలా ఆదేశించమని వేసిన పిటిషన్‌లో జోక్యానికి సుప్రీంకోర్టు ఆ వారంలోనే నిరాకరించింది. పరీక్ష రోజున తిరువనంతపురంలో ఒక క్రైస్తవ సన్యాసినిని కూడా ముసుగు, శిలువ తీసివేయనందుకు వెనక్కి పంపారు. బాధ మనది ఒక్కరిదే కాదని ఈ సంఘటన తెలియజేస్తున్నది.

2016లో కేరళ హైకోర్టు మరింత స్పష్టంగా తీర్పు ఇచ్చింది. తనిఖీకి ఒప్పుకొన్న విద్యార్థిని హిజాబ్‌తో పరీక్ష రాయవచ్చునన్నది. ఆ తరువాతి సంవత్సరాలలో నీట్ నిబంధనలలోనే సంప్రదాయ, మతపరమైన దుస్తులు ధరించేవారు తనిఖీ కోసం ముందుగా రావాలన్న వాక్యం చేరింది. ఆడపిల్లల తనిఖీ మూసిన గదిలో, మహిళా సిబ్బంది మాత్రమే చేయాలన్న నియమమూ ఉన్నది. నియమం ఉన్నా కేంద్రాలలో తెలియనివారు, తెలిసినా పాటించనివారు ఉంటారు. 2022లో కేరళలోని కొల్లం జిల్లాలో లోదుస్తుల కొక్కేలు లోహపువి అని ఆడపిల్లలను అవమానించిన ఉదంతంలో అరెస్టులు జరిగాయి, ఆ పిల్లలకు తిరిగి పరీక్ష పెట్టవలసి వచ్చింది.

ఇక్కడ ఆలోచించవలసినది ఏమిటి? బనియన్‌లో సిమ్ కార్డు కుట్టించుకొన్నవాళ్లు లక్షలు చెల్లించి కొన్నవాళ్లు. మన ఆడపిల్ల దుపట్టా మీద పడిన అనుమానం వాళ్లు తెచ్చిపెట్టినదే. తనిఖీ వద్దని మేము అనడం లేదు. తనిఖీ లేకపోతే ముందు నష్టపోయేది మన పిల్లలే. మర్యాదతో కూడిన తనిఖీ కావాలని, అది అందరికీ ఒకే తీరున జరగాలని మాత్రమే అడుగుతున్నాము.

చట్టం ఏమి చేయగలదు?

2024 మే 5న జరిగిన నీట్ పరీక్షను 23 లక్షలకు పైగా విద్యార్థులు రాశారు. హజారీబాగ్, పట్నాలలో ప్రశ్నపత్రం బయటపడినది వాస్తవమేనని సుప్రీంకోర్టు అంగీకరించింది. దేశమంతా వ్యాపించిందనడానికి ఆధారాలు లేవని పునఃపరీక్షకు ఒప్పుకోలేదు. అదే జూన్ 18న జరిగిన యూజీసీ-నెట్ పరీక్షను మరునాడే రద్దు చేశారు. అప్పుడు చేతులు మారిన ప్రశ్నపత్రపు స్క్రీన్‌షాట్ మార్పులు చేసి సృష్టించినదని తరువాత సీబీఐ దర్యాప్తులో తేలింది. నిజమైన లీకు వలన ఒక పరీక్ష రద్దు కావచ్చు. కల్పించిన చిత్రం వలన కూడా తొమ్మిది లక్షల మంది రాసిన పరీక్ష రద్దు కావచ్చు. 'పేపర్ వచ్చింది' అని మన ఫోనుకు వచ్చిన దానిని నలుగురికి పంపే ముందు ఈ సంగతి తలచుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం జూన్ 21 నుంచి అమలులోకి వచ్చింది. అక్రమానికి మూడు నుంచి అయిదేళ్ల జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. ముఠాగా ఏర్పడి చేస్తే అయిదు నుంచి పదేళ్ల జైలు, కోటి రూపాయలకు తక్కువ కాని జరిమానా. ఈ చట్టం గురి ముఠాల మీద, సేవలందించే సంస్థల మీద ఉన్నది. అభ్యర్థులపై చర్య పరీక్ష నిర్వహించే సంస్థ నియమాల ప్రకారం ఉంటుంది. చట్టం అవసరమే. కాని జరిగిన తరువాత శిక్షించడం వేరు, జరగకుండా ఆపడం వేరు. రెండోది ఇంటి దగ్గర, బడి దగ్గర జరగవలసిన పని.

పుస్తకం చేతికిచ్చినా తప్పినవారు

ఇంతవరకు చెప్పినది ముఠాల మాట. ఇక మన ఇళ్లలోని ఫోను దగ్గరకు వద్దాము.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తరువాత అటువంటివి అనేకం వచ్చాయి. అసైన్‌మెంటు అడిగితే అసైన్‌మెంటు, ప్రాజెక్టు అడిగితే ప్రాజెక్టు క్షణాలలో తయారు. పూర్వం ఇంజనీరింగు ప్రాజెక్టును నగరంలో దుకాణం నుంచి కొనుక్కొనేవారు. దానికి డబ్బు ఉండాలి. ఇప్పుడు ఆ అవకాశం పేదవాడికీ ఉచితంగా దొరికింది. సమానత్వం వచ్చిందని సంతోషించవలసిన చోట కాదు ఇది.

మా కేంద్రానికి వచ్చే ఒక డిగ్రీ విద్యార్థి వస్తు సేవల పన్ను గురించి నాలుగు పేజీల ఇంగ్లీషు వ్యాసం తెచ్చాడు. ఒక్క అక్షర దోషం లేదు. "మీ అబ్బాజాన్ పండ్ల బండికి ఈ పన్ను ఉంటుందా బాబూ?" అని అడిగాము. సమాధానం లేదు. పది నిమిషాలు తరువాత "చూసి చెబుతాను సార్" అన్నాడు. వారం తరువాత వచ్చి, తాజా పండ్లపై ఆ పన్ను లేదని, అమ్మకం ఏడాదికి ఎంత దాటితే వ్యాపారి నమోదు కావాలో కూడా వివరించాడు. ఈసారి తన చేతితో రెండు పేజీలు రాశాడు. దోషాలు ఉన్నాయి. కాని అవి అతని దోషాలు. వాటిని దిద్దవచ్చు. మొదటి నాలుగు పేజీలలో దిద్దడానికి ఏమీ లేదు, ఎందుకంటే అందులో ఆ పిల్లవాడే లేడు.

'ఫోనులో అన్నీ ఉన్నప్పుడు నేర్చుకోవడం ఎందుకు?' అని పిల్లలు అడుగుతారు. ప్రభుత్వ ఉద్యోగులకు దీని జవాబు అనుభవంలో ఉన్నది. మాకు శాఖాపరమైన పరీక్షలు ఉండేవి. వాటిలో కొన్ని పేపర్లకు నిబంధనల పుస్తకాలు దగ్గర పెట్టుకొని చూసి రాయవచ్చు. అయినా తప్పేవారు తప్పేవారు. ముందు చదవనివాడికి ఏ పుస్తకం తెరవాలో, ఏ నియమం ఈ ప్రశ్నకు వర్తిస్తుందో తెలియదు. మూడు గంటలూ పేజీలు తిప్పుతూ కూర్చుంటాడు. చదివినవాడు నేరుగా ఆ పేజీ తెరుస్తాడు. ఫోను కూడా ఆ పుస్తకం వంటిదే. తెలిసినవాడికి పనిముట్టు, తెలియనివాడికి ఊతకర్ర. ఇంటర్వ్యూలో, ఆసుపత్రి వార్డులో, లెక్కల పుస్తకం ముందు ఆ కర్ర తీసేస్తే నిలబడలేడు.

మరొక మాట. మన మదరసాలో హిఫ్జ్ చేసే పిల్లవాడు ప్రతిదినం సబఖ్‌ను ఉస్తాద్ ఎదుట కూర్చుని వినిపించాలి. నిన్నటి పాఠం వినిపించనిదే నేటి పాఠం లేదు. ఏ యంత్రమూ మోసగించలేని పరీక్ష అది. హదీసు విద్వాంసులు ఒక మాట చెప్పే ముందు అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో పేర్ల గొలుసు చెప్పేవారు. ఇతరుల మాటను తన మాటగా చెప్పుకోకపోవడం మనకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ఆ పద్ధతినే లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు తీసుకొని రావాలి.

అనుమానానికీ నియమం ఉండాలి

మోసం సులభమైనకొద్దీ అనుమానం కూడా సులభమైంది. ఇది హక్కుల కార్యకర్తలు ప్రత్యేకంగా గమనించాలి.

పరిశోధన గ్రంథాలలో గ్రంథచౌర్యానికి యూజీసీ 2018లో నియమాలు చేసింది. సారూప్యం 10 శాతం లోపు ఉంటే దండన లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషను రద్దు. అక్కడ కంప్యూటరు 'ఈ వాక్యం ఫలానా చోట ఉన్నది' అని మూలాన్ని చూపుతుంది. సరిచూసుకోవచ్చు. కృత్రిమ మేధ రాసిందని పట్టుకొంటామనే పరికరాలు మూలాన్ని చూపవు. ఇంత శాతం అని ఒక అంకె వేస్తాయి. అది ఊహ మాత్రమే. చాట్‌జీపీటీని తయారుచేసిన సంస్థే అటువంటి పరికరాన్ని 2023 జనవరిలో విడుదల చేసి, సరిగా పనిచేయడం లేదని జూలైలో ఉపసంహరించుకొన్నది. అదే సంవత్సరం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇటువంటి ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన వ్యాసాలలో సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తప్పుగా తేల్చాయి. తక్కువ పదాలతో సాదాసీదాగా రాయడమే ఆ పిల్లల నేరమైంది.

ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి, కాలేజీలో మొదటిసారి ఇంగ్లీషులో రాస్తున్న మన పిల్లల ఇంగ్లీషు ఎలా ఉంటుంది? అలాగే సాదాగా ఉంటుంది. బాగా రాస్తే 'నీకింత ఇంగ్లీషు ఎలా వచ్చింది?' అంటారు. సాదాగా రాస్తే యంత్రం పట్టుకొంటుంది. ఈ రెండు అనుమానాల మధ్య నలగకుండా మన పిల్లలను కాపాడుకోవాలి.

కార్యాలయంలో ఒక ఉద్యోగిపై చర్య తీసుకోవాలంటే ముందు మెమో ఇవ్వాలి, ఆధారాలు చూపాలి, సంజాయిషీ అడగాలి, దానిని చదివి కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. అటెండరుకు ఉన్న ఈ రక్షణ విద్యార్థికి కూడా ఉండాలి. అంకె చూసి మార్కులు కోయడం, తెల్లకాగితంపై సంతకం తీసుకోవడం ఒప్పుకోవద్దు.

మనం చేయగలిగినవి

ఖర్చు లేని కొన్ని పనులు చెప్పి ముగిస్తాము.

తల్లిదండ్రులకు: మీకు చదువు రాకపోయినా పరవాలేదు. రాత్రి భోజనం తరువాత పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఈ రోజు పాఠం మన ఇంటి భాషలో అయిదు నిమిషాలు చెప్పమనండి. చెప్పగలిగితే వచ్చినట్లు. తడబడితే రానట్లు. పేపర్ ముందుగా తెస్తామనే దళారీకి ఒక్క రూపాయి ఇవ్వకండి. అతను అబద్ధమాడితే డబ్బు పోతుంది, నిజమాడితే పిల్లవాడి జీవితం పోతుంది.

విద్యార్థులకు: ఫోనును అర్థం కాని పాఠం విడమరచి చెప్పించుకోవడానికి వాడుకోండి. ఉర్దూలో, తెలుగులో అడగండి, సందేహం తీరేదాకా అడగండి. అందులో తప్పు లేదు. ట్యూషను ఫీజు కట్టలేని ఇంటికి అది మేలే. రాసేటప్పుడు మాత్రం పక్కన పెట్టండి. చిత్తు ప్రతులను తేదీలు వేసి ఒక ఫైలులో దాచండి. ఎవరైనా అనుమానిస్తే ఆ ఫైలే మీ సాక్షి.

హిజాబ్ ధరించే అమ్మాయిలకు: పరీక్ష సమాచార పుస్తిక చదవండి. దుస్తుల నిబంధన, మహిళా సిబ్బంది తనిఖీ నిబంధన ఉన్న పేజీలను ప్రింటు తీసి హాల్ టికెట్‌తో పాటు గేటు దాకా తీసుకెళ్లండి. చెప్పిన సమయానికంటె ముందే చేరండి. లోహపు పిన్నులు వాడకండి.

కార్యకర్తలకు: పరీక్ష రోజులలో కేంద్రాల దగ్గర ఇద్దరు మహిళా వాలంటీర్లు, నియమాలు తెలిసిన ఒక న్యాయవాది ఫోను నెంబరు అందుబాటులో ఉండాలి. కాలేజీలలో కాపీ ఆరోపణ వస్తే ముందు నిజం తెలుసుకోండి. మన పిల్లవాడు తప్పు చేసి ఉంటే 'మైనారిటీ కాబట్టి వేధిస్తున్నారు' అనకండి. అలా ఒకసారి అంటే, నిజంగా వేధింపు జరిగినరోజు మన మాట ఎవరూ నమ్మరు. తప్పు చేయనప్పుడు మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయకండి.

2007 నుంచి మన రాష్ట్రాలలో అమలవుతున్న నాలుగు శాతం రిజర్వేషను వలన ఇంజనీరింగులో, వైద్యంలో, ఉద్యోగాలలో మన పిల్లలు కనిపిస్తున్నారు. ఆ రక్షణ కోసం న్యాయస్థానాలలో ఇప్పటికీ పోరాడుతున్నాము. 'వీళ్లకు అర్హత లేదు' అనడానికి కాచుకొని ఉన్నవారు ఉన్నారు. వారికి జవాబు మన పిల్లల జవాబు పత్రమే. అది వాళ్ల సొంత చేతిరాతలో ఉండాలి.